సగం ఊరు తీసేయమన్న నేత్ర

ఆ రోజు నేత్ర పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేసి ఉన్న మాట చెప్పేయాలి, తలకు పోసుకోవాలి, అమ్మ చేసే పితికిపప్పు కూరతో సంగటి తిని సాయంత్రం దాకా పడుకోవాలి. కొన్ని నెలలుగా ఆమెకు నిద్ర చాలడం లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, దుమ్ము రోడ్డు మీద ఒంటరిగా నడుస్తూనే ఉన్నట్టు కల వస్తోంది.

నేత్ర ఉద్యోగం ఆటలాడటం. చెప్పుకోవడానికి అంతకంటే సుఖమైన పని లేదు. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ కంప్యూటర్ ఆట తయారుచేస్తోంది. యుద్ధాలొచ్చి లోకం అంతమైపోయింది; మిగిలిన ఒక మనిషి తుపాకీ పట్టుకుని, దోపిడీ మూకలను కాల్చుకుంటూ ఊళ్ళు తిరగాలి. ఆట జనంలోకి వెళ్ళకముందే ఆడి చూసి, ఎక్కడ బాగుందో ఎక్కడ తేలిపోయిందో చెప్పడం ఆమె పని. ఆ పని ఆమె బంగారు గనుల ఊరైన కోరమండల్‌లోని లైను ఇంట్లో కూర్చునే చేసేది. తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చినప్పుడు గని కంపెనీ ఇచ్చిన ఇల్లు అది. లైను అంటే ఒకే పొడుగాటి రేకుల కప్పు కింద వరసగా ఇళ్ళు. ఈ ఇంట్లో తుమ్మితే అటు మూడో ఇంట్లో చిరంజీవ అంటారు.

ఆటలో కాల్పులకు వంక పెట్టడానికి లేదు. తుపాకీ నిజంగా చేతిలో బరువుగా ఉన్నట్టే ఉంటుంది, ప్రతి పోట్లాటా గుండెను దడదడలాడిస్తుంది. కానీ ఈ పోట్లాటకూ ఆ పోట్లాటకూ మధ్యనున్న లోకం మాత్రం ఉప్పు వేయని సంగటి. ఎంత నడిచినా అవే ఇళ్ళు, అదే మట్టి, అదే విరిగిన బండి. నేత్ర ఆ మట్టిలో నడిచినంత దూరం నిజంగా నడిచి ఉంటే ఈపాటికి కాశీ వెళ్ళి తిరిగొచ్చి ఉండేది.

ఫోన్ చేద్దామనుకునేసరికి కరెంటు పోయింది. ఇంట్లో సిగ్నల్ అంతంతమాత్రం. నేత్ర తలకు నూనె రాసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వాకిట్లో మెట్టు మీద కూర్చుంది. పక్కింటి జయలక్ష్మమ్మ తన మెట్టు మీద కూర్చుని పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతోంది. అవతలి వైపు నుంచి మాట్లాడుతున్న రామచంద్ర, అంటే నేత్ర పై అధికారి, ఆమె చెవిలో మాత్రమే వినబడతాడు. నేత్ర మాటలు లైను మొత్తానికి వినబడతాయి.

"కాల్చేది చానా బాగుండాది సార్, దాన్ని తాకొద్దండి. తంటా అంతా జాగాతోనే," అంది నేత్ర. "అంత జాగా పెట్టుకుని ఏం లాభం? ఇండ్లన్నీ ఒకటే మాదిరి. పనికొచ్చే మనిషి ఒక్కడూ లేడు. సగం ఊరు తీసేయండి సార్, ఎవురూ అడగరు."

జయలక్ష్మమ్మ వేళ్ళు ఆగిపోయాయి.

"కట్టినోళ్ళు బాధపడతారు, నాకూ తెలుసు. రెండు దినాలు ఏడ్చి ఊరుకుంటారు. ఆ ఇండ్లు పీకేసి, మిగిలిన జాగాలో కాల్చేది ఇంగా ఎక్కువ పెట్టండి... ఓనర్లు వస్తారా? ఈపొద్దేనా? వస్తే రానీండి సార్. వాళ్ళ ముందర కూడా ఇదే మాట చెప్తాను. నాకేం భయం?"

ఓనర్లు భోజనానికి ముందే వీడియోలో వస్తారనీ, ఇదే ముక్క వాళ్ళకూ చెప్పాలనీ రామచంద్ర అన్నాడు. నేత్ర ఫోన్ పెట్టేసి చూస్తే పక్క మెట్టు మీద అనపగింజల గిన్నె ఉంది, జయలక్ష్మమ్మ లేదు.

కొళాయి దగ్గర ఆ మాట సగం ఊరుగానే ఉంది. టీ అంగడి చేరేసరికి ముక్కాలు ఊరైంది. నంజుండప్ప చెవిన పడేసరికి తుపాకుల కంపెనీ ఒకటి కోరమండల్‌ను కొనేసింది, బుల్డోజర్లు పక్కనున్న బంగారుపేట దాటాయి. నంజుండప్ప ఒకప్పుడు గని కార్మికుల సంఘం నాయకుడు. గని మూతపడ్డప్పటి నుంచి చేయడానికి పోరాటం లేక ఆరోగ్యం పాడైపోయిన మనిషి. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరాడు.

అందరికంటే ముందు ఇల్లు చేరింది నేత్ర తల్లి గురువమ్మ. చేతిలో కరివేపాకు, కళ్ళలో నీళ్ళు.

"ఏమే నేత్రా, మన లైను అమ్మేసినావంటనే? అడిగినోళ్ళకు నేనేం చెప్పేది? నా మొగం యాడ పెట్టుకునేది?"

"ఎవురమ్మా చెప్పింది?"

"ఎవురు చెప్పలేదు అని అడుగు!"

ఈలోగా వాకిలి నిండిపోయింది. నేత్ర నూనె కారుతున్న తలతో బయటికొచ్చింది. నంజుండప్ప చెయ్యెత్తి జనాన్ని ఆపాడు. ఆ చెయ్యి ఎత్తి చాలా ఏళ్ళయింది కాబట్టి దించడానికి ఆయనకు మనసు రాలేదు.

"అమ్మా నేత్రా, నువ్వు చదువుకున్న బిడ్డవి. సగం ఇండ్లు పీకేయమని చెప్పినావా, లేదా? ఆ ఒక్క మాట చెప్పు."

"చెప్పినానప్పా. కానీ అది ఆట."

"విన్నారా? మన ఇండ్లు ఈ పాపకు ఆటంట!"

"అయ్యో, అట్ల కాదు. అది లోకం అంతమైనాక జరిగే కత. ఆ పొద్దుకు ఈడ మనుషులే ఉండరు."

"మనుషులే ఉండరంట!" అని జయలక్ష్మమ్మ గుండెలు బాదుకుంది. "నేనన్నా సగం మందే అనుకున్నాను."

"అంతమయ్యేది ఎప్పుడు?" అన్నాడు వెనక నుంచి చౌడప్ప. ఆయన గనిలో పనిచేసి రిటైరయ్యాడు, చూపు మందం. "ముందుగా నోటీసు ఇస్తారా, ఇయ్యరా?"

"అప్పా, అది నిజం ఊరు కాదు!"

చౌడప్ప మెల్లగా అన్నాడు: "నిజం ఊరు కాదా? మా నాయన ఈ భూమి లోపలే ఊపిరి పోగొట్టుకున్నాడు. నేను పుట్టింది ఈ లైన్లోనే. ఎవురన్నా కొత్త మనిషి కొలిచే టేపు పట్టుకుని వస్తే చాలు, ఆ పొద్దంతా నాకు అన్నం దిగదు. నీకేమో ఊరే కాదు."

నేత్రకు వాదించే ఓపిక పోయింది. ఆమె తాత కూడా ఈ వాకిట్లోనే మంచం మీద దగ్గి దగ్గి పోయాడు. గని మూతపడ్డా పట్టాలు రాని ఈ ఇళ్ళ గురించి ఇలాంటి భయాలు విని విని పెరిగిన పిల్లే ఆమె. కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరిదీ తప్పు కనిపించలేదు.

"కూర్చోండప్పా. అదేందో మీరే చూడండి," అని ల్యాప్‌టాప్ తెచ్చి మెట్టు మీద పెట్టింది. అప్పుడే ఫోన్ మోగింది. రామచంద్ర. నేత్ర వీడియో కాల్ ఎత్తి, "ఒక్క నిమిషం సార్," అని ఫోన్‌ను కిటికీలో ఆనించి పెట్టి, ఇక దాని సంగతి మరచిపోయింది.

తెర మీద ఊరొకటి కనిపించింది. దుమ్ము, వరసగా రేకుల ఇళ్ళు, వెనక బూడిదరంగు మట్టి గుట్ట. వాకిట్లో జనం ముందుకు వంగారు. బంగారం తీశాక గనివాళ్ళు పోసిన సైనైడ్ మట్టి గుట్ట నీడలో బతికేవాళ్ళకు ఇంకే ఊరు గుర్తుకొస్తుంది?

"ఇది నా ఇల్లే!" అని చౌడప్ప తెరకు ముక్కు ఆనించాడు. "తలుపు యాడికి పోయింది? పొద్దున్న గూడా ఉండె గదా!"

"చూసినారా, ముందే ఖాళీ చేసి ఫోటో తీసిపెట్టుకున్నారు," అన్నాడు నంజుండప్ప.

నేత్ర జవాబు చెప్పేలోగా తెర మీద గోడ వెనక నుంచి దోపిడీ దొంగలు ముగ్గురు దూకారు. అలవాటైన చేతులు ఊరుకోలేదు. తుపాకీ మోగింది.

"ఎడంపక్కమ్మా, ఎడంపక్క!" అని మొదట అరిచింది నంజుండప్పే. "గోడెనక నక్కినాడు!"

"కాల్చవే, ఏం చూస్తా ఉండావు!" అంది జయలక్ష్మమ్మ.

గురువమ్మ కరివేపాకును రెండు చేతులా నలిపేసింది. ఆఖరి దొంగ కూలేసరికి వాకిలంతా చప్పట్లు. చౌడప్ప తన తలుపు సంగతే మరచిపోయాడు.

"భలే ఉండాదే. ఇంగ?" అన్నాడు నంజుండప్ప.

"ఇంగ నడవాల."

నేత్ర మీట నొక్కి పట్టుకుంది. తెర మీది మనిషి నడిచాడు. ఇల్లు, మట్టి, విరిగిన బండి. ఇల్లు, మట్టి, విరిగిన బండి. ఎవరో ఆవలించారు. ఒకావిడ కొళాయికి నీళ్ళు వచ్చే వేళైందని లేచింది.

"ఇదేం ఊరే?" అని జయలక్ష్మమ్మ విసుక్కుంది. "అంత దూరం నుంచి వస్తా ఉండాడు. యాడికి పోతా ఉండావప్పా, తిన్నావా అని ఒక్కరన్నా అడిగినారా? టీ అంగడి లేదు, కొళాయి దగ్గర కొట్లాట లేదు. లోకం అంతమైతే మాత్రం ఇంత బేజారుగా ఉంటుందా?"

"నేను పొద్దున్న చెప్పింది ఇదే గదమ్మా!" అంది నేత్ర ఏడుపు గొంతుతో.

కిటికీలోంచి నవ్వు వినబడింది. నేత్ర గబుక్కున అటు తిరిగింది. ఫోన్ తెర మీద రామచంద్ర, ఆయన పక్కన ఓనర్లు. అంతా చూశారు. ఇక ఈ ఉద్యోగం పోయినట్టేనని, పోతే కనీసం నిద్రన్నా పడుతుందని ఆమె అనుకుంది.

"నేత్రా, ఆ అమ్మ చెప్పింది సరిగ్గా ఉండాది," అన్నాడు రామచంద్ర. "సగం తీసేది వద్దంటున్నారు ఓనర్లు. మీ వాకిట్లో ఉండే జనాన్నంతా ఆటలో పెట్టమంటున్నారు. వాళ్ళ మాటలు, కొట్లాటలు, యాడికి పోతా ఉండావని అడిగేది, అంతా. నువ్వే రాసి, గొంతులు రికార్డు చేసి పంపించు."

"ఎంత ఊరికి సార్?"

"మొత్తానికీ."

సగం తగ్గించమన్న మనిషి నెత్తిమీదే మొత్తం నింపే పని పడింది. నేత్ర మెట్టు మీద కూలబడింది. గురువమ్మ కూతురి పక్కన కూర్చుని, ఏమీ అర్థం కాకపోయినా వీపు నిమిరింది.

నంజుండప్ప గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "అమ్మా నేత్రా, అంటే వాళ్ళు ఇండ్లు పీకేది లేదా?"

"లేదప్పా. అన్నీ ఉంటాయి."

"లోకం అంతమైనా?"

"అంతమైనాకనే అప్పా. అంతకు ముందు సంగతి నాకు తెలీదు."

నంజుండప్ప జనం వైపు తిరిగి మళ్ళీ చెయ్యెత్తాడు. "లోకం అంతమైనా సరే, మన లైను మీద చెయ్యి వేసేది లేదని కంపెనీ ఒప్పుకున్నాది!"

వాకిలి హోరెత్తిపోయింది. చౌడప్ప కళ్ళు తుడుచుకున్నాడు. కోరమండల్ ఇళ్ళకు ఇంతవరకూ అంత గట్టి హామీ ఎవరూ ఇవ్వలేదు.