నడుం పక్కకు జరిగిన గిటార్

కళ్లద్దాల దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసే ఉద్యోగం నాది. సాయంత్రాలు మాత్రం విమర్శకుణ్ణి. గిటార్ల మీద రివ్యూలు చేసి వీడియోలు పెడతాను. వాయించడం నాకు అంతంత మాత్రమే. విమర్శకుడికి ఆ మాత్రం చాలని నా నమ్మకం.

వాద్యాల దుకాణం యజమాని లౌడ్‌స్పీకర్లు అమ్ముతాడు గానీ తను మాత్రం చెవిలో చెప్పినట్టు మాట్లాడతాడు. అందుకే ఆయన్ని గుసగుసరావు అంటాం. ఒకరోజు ఆయన కొత్తరకం ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి, దానికో యాంప్లిఫయరు, ఒక పెడల్ నా చేతిలో పెట్టి, "సార్, రివ్యూ బాగా వస్తే గిటార్ మీరే ఉంచేసుకోండి" అని గుసగుసలాడాడు. ఈసారి గాలి కబుర్లు చాలవు, వాయించి వినిపించాలని కూడా గుసగుసలాడాడు.

ఇంటికి తెచ్చి పెట్టె విప్పాను. మా ఆవిడ పక్క గదిలో కుట్టుమిషన్ ఆపి వచ్చింది. బట్టలు కత్తిరించి కుట్టడం ఆవిడ వృత్తి.

"ఇదేంటండీ, కొలతలు తప్పి కత్తిరించినట్టుంది?"

"ఆఫ్‌సెట్ గిటార్ అంటారు. కావాలనే నడుం ఒక పక్కకు జరిపి చేస్తారు. కూర్చుని వాయించేవాళ్లకి ఒళ్లో చక్కగా కుదురుతుంది."

"కూర్చునేవాళ్ల సుఖం గురించే ఆలోచించారన్నమాట. చేసినవాడు మగాడే అయ్యుంటాడు."

"ఇది పెడల్. అంటే..."

"పెడలంటే నాకు చెప్తారేంటి? పొద్దస్తమానం తొక్కేది అదేగా."

"ఇది వేరు. ఒకసారి మోగించింది మళ్లీ మళ్లీ వినిపిస్తుంది."

"దానికి యంత్రం దేనికి? మీరున్నారుగా."

మీకు ఒక సంగతి చెప్పాలి. పెళ్లికి ముందు మా ఆవిడ ఒక వాద్యబృందంలో గిటార్ వాయించేది. తర్వాత మానేసింది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని అడగలేదు.

మర్నాడు మెత్తగా అన్నాను. "తీగలు శ్రుతిలో ఉన్నాయో లేదో కాస్త చూసి పెట్టు."

ఫోను దిండు కింద దాచి, రికార్డింగ్ పెట్టి, మంచినీళ్ల నెపంతో వంటింట్లోకి తప్పుకున్నాను.

ముందు శ్రుతి చేసింది. తర్వాత ఒక్కో తీగనూ పలకరించింది. ఆ తర్వాత ఏదో వరస ఎత్తుకుంది. గ్లాసు నిండి నీళ్లు చొక్కా చేతుల మీదికి కారుతున్నా నేను కదల్లేదు. అంత బాగుంది. దొంగతనానికి వెళ్లినవాడికి ఇనప్పెట్టె తెరిచి కనిపించినట్టయింది.

ఆ వారంలోనే వీడియో పెట్టాను. ముఖం నాది, వేళ్లు నావి, నాదం మా ఆవిడది. చివర్లో గొంతు సవరించుకుని, "ఈ వరస నేనే కట్టాను" అని కూడా అన్నాను. గిటార్‌లో ఒక్క లోపమూ లేదని తేల్చేశాను. నాకు వచ్చే గిటార్‌కి నేనే వంక పెడతానా?

మా ఆవిడ వీడియో మొత్తం చూసింది. "బాగుంది" అంది. మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది.

అంతటితో ఆగితే నేను మీకు ఈ కథ చెప్పేవాణ్ణి కాదు. గుసగుసరావు ఫోన్ చేశాడు. "సార్, జనం వెర్రెత్తిపోతున్నారు. ఆదివారం మా దుకాణంలో అదే వరస అందరి ముందూ వాయించాలి. నలభైమంది వస్తామన్నారు."

ఆదివారం పొద్దున నా చూపుడువేలు తలుపులో నలిగింది. అంటే, నలిగిందని చెప్పాను.

"అయ్యో, ఇటివ్వండి" అని మా ఆవిడ గుడ్డ తెచ్చి కట్టు కట్టింది. వేలు తర్వాత వేలు, బొటనవేలు దాకా.

"దెబ్బ ఒక్క వేలికేగా?"

"మిగతావి చిన్నబుచ్చుకుంటాయండీ. పదండి, నేనూ వస్తాను."

దుకాణం కిక్కిరిసి ఉంది. పూరీలా ఉబ్బిన నా చెయ్యి చూసి గుసగుసరావు నీరసపడిపోయాడు. "ఆ వరస ఇంకెవరికైనా వచ్చా సార్?"

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ అంది. "నాకొచ్చండి. ఆయన దగ్గర విని నేర్చుకున్నాను."

కూర్చుంది. గిటార్ ఆవిడ ఒళ్లో కొలిచి కుట్టినట్టు ఒదిగింది. నా వీడియోలో ఉన్నదంతా వాయించింది. నా వీడియోలో లేనిది మొదలుపెట్టింది. మధ్యలో గట్టిగా మీటితే ఒక తీగ గాడి తప్పి పక్కకు దూకింది. వరస ఆపకుండానే బొటనవేలితో దాన్ని మళ్లీ గాడిలో పెట్టింది.

ముగించాక తాపీగా చెప్పింది. "నాదం మంచిదండి. కానీ గట్టిగా వాయిస్తే తీగ గాడిలో నిలవట్లేదు. లావు తీగలు వేసుకోవాలి. వీడియోలో ఆ ముక్క చెప్పలేదు. వాయిస్తేనే తెలుస్తుంది మరి."

నలభై తలలు ఒక్కసారి నా కట్టువైపు తిరిగాయి.

గుసగుసరావు జీవితంలో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. "ఇన్నాళ్లూ ఎక్కడున్నారమ్మా మీరు?"

"పక్క గదిలోనేనండి."

నవ్వారందరూ. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా.

బస్సులో అడిగాను. "నీకెప్పుడు తెలిసింది?"

"దిండు కింద ఫోను వెలుగుతుంటే కనపడదా?"

"మరి అప్పుడే నిలదియ్యొచ్చుగా?"

"నిలదీస్తే తప్పయిపోయిందనేవారు. ఆ ముక్క మన ఇద్దరికే తెలిసేది."

కిటికీ వైపు తిరిగి మెల్లగా అంది. "మీ కోసం నేనే వాయించేదాన్ని. ఒక్కసారి అడిగుంటే. దొంగిలించారు చూడండి, అదీ నా బాధ."

చేతి కట్టు ఒక్కో వేలూ విప్పాను. ఒక్క వేలికీ దెబ్బ లేదు.

గిటార్ మా ఇంట్లోనే ఉంది, ఆవిడ పేరు మీద. రివ్యూలూ ఆవిడే చేస్తోంది. గుసగుసరావు వారానికో కొత్త వాద్యం పంపిస్తున్నాడు. మొన్న ఒక వీడియో కింద ఎవరో అడిగారు: "వెనకాల దగ్గుతున్నది ఎవరండీ?"

మా ఆవిడ రాసిన జవాబు నేను నాలుగుసార్లు చదివాను.

"మా ఆయనండి. వాయించడం రాదు గానీ, కెమెరా కదలకుండా పట్టుకుంటారు."

ఇప్పుడు దగ్గు వచ్చినా ఆపుకుంటున్నాను.