మంచివాడికి మాత్రలెందుకు?

మనసు బాగాలేక మందులు వాడుతున్నవాళ్ళందరూ, కాస్త తేరుకున్నట్టు అనిపించగానే, ఆ మాత్రలు తీసి అవతల పారేయాలి. డాక్టరును అడగనక్కర్లేదు. అడిగితే ఎలాగూ వద్దంటాడు. ఇది సమాజ శ్రేయస్సుకు సంబంధించిన విషయం, డాక్టర్లకేం తెలుస్తుంది?

నవ్వకండి. సరేగారి సంగతి వింటే మీరే ఒప్పుకుంటారు.

సరేగారు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కటింగ్ మెషిన్ మీద పనిచేస్తారు. అచ్చయిన కాగితాల దొంతర కత్తి కిందికి తోసి, అంచులు సమంగా కోయడం ఆయన పని. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు. ఏమడిగినా "సరే" అంటారు కనుక సరేగారు. ఆదివారం డ్యూటీకి రమ్మంటే సరే. అన్నగారు స్కూటర్ పట్టుకెళ్ళి, ట్యాంకు ఖాళీ చేసి తెచ్చినా సరే. బడికి సెలవులు ఇవ్వగానే చెల్లెలు తన ఇద్దరు పిల్లల్నీ దింపేసి వెళ్ళినా సరే. ఎదురింటాయన తన కారు తెచ్చి వీళ్ళ గేటుకు అడ్డంగా పెడితే, పాపం సరేగారు పక్కకు తిరిగి, కడుపు లోపలికి లాక్కుని, ఉన్న సందులోంచే బయటపడేవారు. ఇంతటి మంచివాడు మరొకడు ఉండడని చుట్టాలందరూ ముక్తకంఠంతో చెప్పేవారు.

ఆయన భార్య ఒక్కతే చెప్పలేదు. ఆవిడకు ఇంట్లో కనిపించే మనిషి వేరు. చెప్పులు వేసుకోవడానికి కూర్చుని, ఒకటి వేసుకుని, రెండోది ఉందన్న సంగతే మరిచినట్టు అలాగే ఉండిపోయే మనిషి. రెండేళ్ళు చూసి చూసి, ఇక ఉండబట్టలేక డాక్టరు దగ్గరికి వెళదామంది. ఆయన దానికీ సరే అన్నారు లెండి. డాక్టరు దీన్ని డిప్రెషన్ అంటారని చెప్పి, మాత్రలు రాసి, బాగైపోయిందనిపించినా తనను అడక్కుండా మానొద్దని మరీ మరీ చెప్పాడు.

అక్కడే వచ్చింది చిక్కంతా! మాత్రలు పనిచేశాయి.

మొదట కొన్ని వారాలు ఏ మార్పూ లేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన తలెత్తి, కూరలో ఉప్పు వేయలేదా అని అడిగారు. ఏం పెడితే అది తిని, మారు మాట్లాడకుండా లేచిపోయే మనిషి! తన వంటకు వంక పెట్టినందుకు ఏ ఇల్లాలైనా అంత సంబరపడి ఉంటుందా? ఆవిడ అటు తిరిగి, ఉప్పు డబ్బా వెతుకుతున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ సంబరం సరే, మిగతావాళ్ళ గతేమిటి? ఆదివారం రాలేనని సరేగారు చెప్పేసరికి ప్రెస్సు యజమాని నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలబడ్డాడు. ఎదురింటి తలుపు తట్టి, కారు తీయమన్నారు. ఆ కారుకు రివర్స్ గేరు ఉందన్న సంగతి వీధివాళ్ళకు ఆ రోజే తెలిసింది. పిల్లల్ని దింపే ముందు ఒక్క ఫోన్ చేయమని చెల్లెలితో అన్నారు. తోడబుట్టినదాన్ని పట్టుకుని ఫోన్ చేయమనడమా! ఇక అన్నగారికి స్కూటర్ తాళమే ఇవ్వలేదు. తనకు పనుందట!

ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఒక్క మనిషి బాగుపడితే ఎంతమందికి ఇబ్బంది?

అందుకే బంధువులు సమావేశమయ్యారు. సమావేశం సరేగారి ఇంట్లోనే. టీలు ఆవిడే పెట్టింది. అన్నగారు ఫోన్లో చదివిన సైడ్ ఎఫెక్టులన్నీ గడగడా అప్పజెప్పారు. నోరు ఎండిపోవడం గురించి రాశారు గానీ నోరు లేవడం గురించి రాయలేదనీ, కంపెనీవాళ్ళు కావాలనే దాచారనీ ఆయన అనుమానం. పిలవకపోయినా వచ్చిన ఎదురింటాయన, వీటికి అలవాటు పడితే జన్మంతా బానిసేనన్నాడు. మనోధైర్యం ముందు మాత్రలెంత అన్నారు. వాకింగ్ చేయమన్నారు. చన్నీళ్ళు పోసుకోమన్నారు. చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుని, అన్నయ్య మునుపటిలా లేడనీ, ఆ మాత్రలు మనిషినే మార్చేశాయనీ అంది.

మిగతా మాటలేవీ సరేగారికి ఎక్కలేదు. ఆ చివరిది మాత్రం గుచ్చుకుంది. అందరూ వెళ్ళాక భార్య వైపు తిరిగి, "ఇప్పుడు మాట్లాడుతున్నది నేనేనా, ఆ మాత్రా?" అని అడిగారు. వేళాకోళానికి అడగలేదు. ఆవిడకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. పైగా ఒంట్లో బాగానే ఉంది కదా, బాగున్నవాడికి మందెందుకు? ఆయన మాత్రల అట్ట తీసుకెళ్ళి బీరువాలో బట్టల వెనక పడేశారు.

కొద్ది వారాల్లో పాత మంచివాడు తిరిగొచ్చాడు! స్కూటర్ అన్నగారింటికీ, పిల్లలు సరేగారింటికీ, కారు గేటు ముందుకీ చేరుకున్నాయి. అందరి ముఖాల్లోనూ కళ వచ్చింది. ఒక్క ముఖంలో పోయింది, నిజమే. అందరి సుఖం ముందు అదొక లెక్కా?

అంతా సవ్యంగా జరిగిపోయేదే, కొత్త ఏడాది క్యాలెండర్ల ఆర్డర్ రాకపోయి ఉంటే. ఆ ప్రెస్సులోది పాతకాలపు మెషిన్, చెయ్యి అడ్డొచ్చినా ఆగదు. సరేగారు దొంతర తోసి, ఎటో చూస్తూ మీట నొక్కారు. కత్తి రెండు వేళ్ళ వెడల్పు లోపలికి దిగింది. ఎడమ అంచున ఉన్న ఆదివారాలన్నీ తెగి కింద పడ్డాయి. ఆదివారాలు లేని ఏడాదిని చూసి యజమాని ఒక్క క్షణం ముచ్చటపడ్డాడని గిట్టనివాళ్ళు అంటారు. ఫోర్‌మన్ మాత్రం చెమటలు తుడుచుకుంటూ ఆవిడకు ఫోన్ చేశాడు.

"కాగితం పోతే పోయిందమ్మా. ఆయన చెయ్యి కత్తికి ఎంత దగ్గరగా ఉందో నేను చూశాను. మీరొచ్చి తీసుకెళ్ళండి."

ఆవిడ ప్రెస్సుకు వెళ్ళి, ఆయన చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. అక్కణ్ణుంచి తిన్నగా డాక్టరు దగ్గరికే. దారి పొడుగునా ఆవిడకు భయం, భయాన్ని మించి కోపం. డాక్టరు కోప్పడలేదు. బాగుందని మధ్యలో మానేసేవాళ్ళు చాలామందే ఉంటారనీ, మళ్ళీ మొదలుపెడదామనీ, గుణం కనిపించడానికి మళ్ళీ కొన్ని వారాలు ఆగాలనీ చెప్పాడు. బయట బెంచీ మీద కూర్చుని సరేగారు, ఇవి వేసుకుంటే మళ్ళీ మునుపటిలా ఉండనేమోనని గొణిగారు.

ఆవేళ తోచని జవాబు ఆవిడకు ఇప్పుడు తోచింది.

"మన పెళ్ళయిన కొత్తలో, పేకాటలో మా నాన్న తొండి చేస్తున్నాడని ఆయన ముందే ముక్కలు విసిరికొట్టి లేచిపోయారు మీరు. మునుపు అంటే అదీ. వీళ్ళు మునుపు అంటున్నది మీ జబ్బుని."

ఆయన మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత, మావగారు నిజంగానే తొండి చేశారు అన్నారు.

కొన్నాళ్ళకు అన్నగారు వచ్చారు. తాము ఊరెళుతున్నామనీ, ఇంటికి రంగులు వేయిస్తున్నామనీ, తమ్ముడు సెలవు పెట్టి వెళ్ళి పనివాళ్ళ దగ్గర ఉండాలనీ చెప్పారు. కుదరదన్న జవాబు లోపలి గదిలోంచి తాపీగా వచ్చింది. అన్నగారు గొంతు తగ్గించి, తాగుడు మానినవాడి గురించి వాకబు చేసినట్టు, మళ్ళీ మొదలుపెట్టాడా అని ఆవిడను అడిగారు. రోజూ తన ఎదురుగానే వేసుకుంటున్నారని ఆవిడ చెప్పింది.

"ఎంత మంచివాడమ్మా వాడు!" అన్నారాయన, పోయినవాళ్ళ గురించి అన్నట్టు.

"అది మంచితనం కాదు బావగారూ, జబ్బు" అందావిడ. "తగ్గుతోంది."

అన్నగారు టీ తాగకుండానే లేచారు. ఆయన బాధ మనం అర్థం చేసుకోవాలి. ఇంటికి రంగులు మొదలయ్యాయి, దగ్గరుండి చూసుకోవడానికి ఒక్క మంచివాడు దొరకడం లేదు. మీ ఎరుకలో ఎవరైనా ఉంటే చెప్పండి. మాత్రలు వాడనివాడైతే మరీ మంచిది.