గూళ్లు కాల్చే కుట్ర

“నా కంట పడకుండా హిందూపురంలో నేరం చేసే మొగోడు ఇంకా పుట్టలేదప్పా!” అని నవనీత్ టీ గ్లాసు బల్లమీద కొట్టాడు. సగం టీ నా చొక్కా మీద పడింది.

వీడు నా చిన్ననాటి స్నేహితుడు. డిటెక్టివ్ అని తనకు తానే బిరుదు ఇచ్చుకున్నాడు. పెనుకొండ బస్సులో పోయిన గొడుగును ధర్మవరం దాకా వెదికి, చివరికి తన భుజానికే వేలాడుతుండగా పట్టుకున్న ఘనుడు.

“ఫణీ, అదిరిపడకుండా విను. మన వీధి మహజబీన్ ఇప్పుడే ఫోన్లో ఏమనిందో తెలుసునా? ‘గూళ్లన్నీ కాల్చేస్తే జాతి మొత్తం పోతాది, సాయంత్రంలోగా తేల్చాల’ అనింది!”

హిందూపురంలో గూళ్లంటే పట్టుపురుగులు అల్లుకునే పట్టుగూళ్లే. పిట్టగూడు ఇక్కడ పిల్లలకు కూడా తర్వాతే గుర్తొస్తుంది. అందుకే నేను కూడా ఒక్క క్షణం నమ్మేశాను.

“మార్కెట్టుకు నిప్పు పెడతారంటావా?”

“పద! మృత్యువు మనకోసం కాచుకోనుండాది!”

“టీ తాగి పోదామబ్బా.”

వింటేగా. పట్టుగూళ్ల మార్కెట్లో మహజబీన్ నాయన కాలేసాబ్, గూళ్లు పోసిన తట్టల పక్కన బేరం కోసం కూర్చున్నాడు. అంతలో మహజబీన్ స్టీలు క్యారియరుతో వచ్చింది.

“బాంబు!” అని అరిచి నవనీత్ గాల్లోకి లేచాడు. ఆమె పక్కకు తప్పుకుంది. క్యారియరు అందలేదు, తట్ట అందింది. గూళ్లన్నిటితో కలిసి నేలమీద దొర్లాడు.

“నా గూళ్లు!” కాలేసాబ్ నెత్తి కొట్టుకున్నాడు.

“ఏమన్నా, పిచ్చి పట్టిందా? నాయనకు అన్నం తెచ్చినా!” అంది మహజబీన్.

“మరి గూళ్లు కాలుస్తానంటివే?”

“అయ్యో, అవి పిట్టగూళ్లు! ఆటలోవి!”

పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా మారి కథ నడుపుకునే ఆట అది. బెంగళూరు కంపెనీ ఒకటి దాన్ని పుస్తకంగా వేస్తోంది. అందులో ఆడేవాళ్లు ఎంచుకోవడానికి ఒక పక్షిజాతిని మహజబీన్ తయారు చేస్తోంది. గూళ్లు కాలడం ఆ జాతికి ఆమె రాస్తున్న పాత కథ.

“ఆ పక్షులు మొదట్నుంచే ఎగిరితే గోడలు, గుంతలు ఏవీ అడ్డం రావు, ఆట చప్పగా అయితాది. ఎగరకపోతే పక్షిగా ఎవరు ఆడతారు? రెండుసార్లు తిప్పి పంపినారు. ఈ సాయంత్రానికి తేల్చకపోతే నా పక్షుల్ని తీసేసి కప్పల్ని పెడతారంట.” నాకు నిజంగానే జాలేసింది.

నవనీత్ లేచాడు. జుట్టు నిండా గూళ్లు, ఒంటి నిండా పీచు. చేతులు టపటపా కొట్టుకుంటూ, “ఈ గూళ్లలోంచి నేను బయటపడేదెట్లప్పా?” అన్నాడు.

మహజబీన్ క్యారియరును తండ్రి చేతిలో పెట్టి గట్టిగా అరిచింది.

“నాయనా! పిట్టగూడు కాదు, పట్టుగూడు! మొదట్లో వీళ్లు ఊరికే రెక్కలు కొట్టుకుంటారు, అంతే. గండాలు దాటినాక ఒంటి చుట్టూ గూడు అల్లుకోని లోపల పండుకుంటారు. చీల్చుకోని బయటికొస్తేనే ఎగిరేది!”

“ముందు ఇవన్నీ ఏరండి, ఎగిరేది తర్వాత!” అని గద్దించాడు కాలేసాబ్. ముగ్గురం వంగి ఏరాం. మహజబీన్ నవ్వుతూనే ఏరింది.

వారం తిరక్కుండానే కంపెనీ ఒప్పుకుంది. ఆమె తన జాతికి ‘నవనీతులు’ అని పేరు పెట్టింది. మావాడు ఆ పేజీని నాకు గర్వంగా చదివి వినిపించాడు.

“నవనీతుల బలం: ఎంత దూరంలో గుసగుసలాడినా వినబడుతుంది. బలహీనత: విన్నది ఒక్కటీ సరిగ్గా అర్థం కాదు.”

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి చూశాడు.

“మొదటిది కరెక్టే ఫణీ. ఆ రెండోదే... ఏమంటాండాదో అర్థం కాలేదు.”