లాండ్రీ మలుపులో నారింజ కోటు

చలి ఇంకా పూర్తిగా పోలేదు గానీ, ఆ ఉదయం ఎండ కిటికీలోంచి వచ్చి సరాసరి పళ్ళ డాక్టరు కాఫీ కప్పులో పడింది. అంతే, ఆయనకు మోటారు సైకిలు గుర్తొచ్చింది. చలికాలమంతా అది మెట్ల కింద దుప్పటి కప్పుకుని పడి ఉంది.

ఇంట్లో ఎవరూ లేరు. భార్య తెల్లవారకముందే రేడియో స్టేషనుకు వెళ్ళిపోయింది. ఏ రోడ్డు మీద రద్దీ ఉందో, ఏ వీధిలో గొయ్యి తవ్వారో పొద్దున్నే ఊరందరికీ చెప్పడం ఆవిడ ఉద్యోగం. మొగుడికి మాత్రం ఇంట్లోనే విడిగా చెబుతుంది.

చెప్పడానికి కారణం లేకపోలేదు. పోయినేడు సరిగ్గా ఇలాంటి ఎండకే మురిసిపోయి డాక్టరు బండి తీశాడు. మంచులో జారకుండా చలికాలంలో చల్లిన ఇసుక లాండ్రీ షాపు మలుపులో అలాగే ఉంది. బండి ఒకవైపు, ఆయన ఒకవైపు పోయారు. మెడ కింది ఎముక విరిగింది. ఆయనకు చొక్కా తొడిగి, బూట్ల లేసులు కట్టి, పేషెంట్లందరికీ ఫోన్లు చేసి బతిమాలుకున్నది ఆవిడే. అందుకే ఈ ఏడు ముందే తేల్చి చెప్పింది.

"రోడ్ల మీద ఇసుక ఊడ్చేదాకా బండి బయటికి తీశారో, మా తమ్ముడికి ఇచ్చేస్తాను."

ఆ తమ్ముడు అప్పటికే బండి రంగుకు సరిపోయే హెల్మెట్టు కొనుక్కుని సిద్ధంగా ఉన్నాడు.

మాట తప్పుతున్నానన్న బెరుకుతో డాక్టరు ఆ రోజు జాగ్రత్తలు రెట్టింపు చేశాడు. టైర్లలో గాలి చూశాడు. గొలుసుకు నూనె పెట్టాడు. బ్రేకులు నొక్కి నొక్కి చూశాడు. చలికాలమంతా బండ్లు కనబడక కార్లవాళ్ళు వాటి సంగతే మర్చిపోతారని ఎక్కడో విన్నాడు కనుక, మైలు దూరం నుంచి కూడా కనబడేలా వెండి పట్టీలున్న నారింజ రంగు కోటు తొడుక్కున్నాడు. తెలిసినవాళ్ళు గుర్తుపట్టకుండా హెల్మెట్టు అద్దం పూర్తిగా దించుకున్నాడు. అందరికీ కనబడాలి, ఎవరికీ తెలియకూడదు. అదీ ఆయన ఏర్పాటు.

చల్లబడ్డ టైర్లకు పట్టు తక్కువని నత్తలా నడుపుతూ లాండ్రీ మలుపు చేరాడు. ఇసుక అక్కడే ఉంది. డాక్టరు బండి పక్కకు ఆపి, లైట్లు వెలిగించి, దిగి బూటుతో ఇసుకను కొంచెం పక్కకు నెట్టి చూశాడు.

వెనక ఒక రొట్టెల వ్యాను ఆగింది.

"అన్నా, ఈ రోడ్డు మూసేశారా?" అని డ్రైవరు అరిచాడు.

హెల్మెట్టులో డాక్టరుకు అంత దూరం మాట వినబడలేదు. నెమ్మదిగా రమ్మన్నట్టు అరచెయ్యి ఎత్తాడు. డ్రైవరు 'మూసేశారన్నమాట' అనుకుని పక్క సందులోకి తిప్పాడు. వాడి వెనక కారు, కారు వెనక బస్సు. సందు మధ్యలో ఎవరో లారీలోంచి బీరువా దింపుతున్నారు. బస్సు ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు.

ఇదేమీ డాక్టరు చూడలేదు. ఆయన ముందు లాండ్రీ షాపు మేడ మీద ఉండే మామ్మగారు చీపురుతో నిలబడి ఉంది.

"ఎన్నిసార్లు మొత్తుకున్నాం నాయనా! ఇప్పటికి వచ్చావా? ఇదుగో, పట్టు."

"నేను ఆ డిపార్టుమెంటు కాదండీ" అన్నాడు డాక్టరు. అద్దం లోపల్నుంచి అది మూలుగులాగా బయటికొచ్చింది.

"నడుం నొప్పా? మెల్లిగా ఊడుద్దువులే. ముందు ఆ మూల చూడు."

వివరించడం కంటే ఊడవడమే తేలికనిపించింది. ఎలాగూ తను దాటాల్సిన మలుపే. ఒళ్ళు వంచి ఊడ్చాడు. మామ్మగారు పక్కన నిలబడి వంకలు పెడుతూ మళ్ళీ ఊడిపించింది. రోడ్డు అద్దంలా అయ్యాక ఆవిడకో నమస్కారం పెట్టి, ఒంటి మీద గీత పడకుండా ఆస్పత్రి చేరుకున్నాడు. గెలిచాననుకున్నాడు.

హెల్మెట్టు తీస్తుండగానే వెనకనుంచి ఆ రోజు మొదటి పేషెంటు ప్లీడరుగారు రొప్పుతూ వచ్చాడు. ఆయన దవడ బూరెలా వాచి ఉంది. మధ్యాహ్నం కోర్టులో వాదించాలి. కారు సందులో ఇరుక్కుపోతే అక్కడే వదిలేసి నడిచొచ్చాడు. డాక్టరు ఒంటి మీది నారింజ కోటు వంక ఎగాదిగా చూశాడు గానీ, నోరు తెరిస్తే ప్రాణం పోతోంది కనుక ఏమీ అనకుండా కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు చిగుళ్ళకు ఇంజెక్షను ఇచ్చి, మొద్దుబారేదాకా ఆగమని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కొత్తగా చేరిన నర్సు రేడియో పెట్టింది.

"లాండ్రీ మలుపు దగ్గర ఇసుక తీస్తున్నారు. అటు వెళ్ళేవాళ్ళు వేరే దారి చూసుకోండి" అంటోంది డాక్టరు భార్య. "పక్క సందులో రాకపోకలు పూర్తిగా ఆగిపోయాయి. అయినా సరే, ఆ నారింజ కోటు మనిషికి నా తరఫున దండం. ఆ మలుపులో పడ్డవాళ్ళ ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది ఆయన విలువ."

డాక్టరుకు సబ్బు చేతిలోంచి జారిపోయింది. అంతలో రోడ్ల శాఖ ఆఫీసరు రేడియోకు ఫోను చేసి, తాము ఎవరినీ పంపలేదన్నాడు.

"మరి ఆయనెవరు? తెలిసినవాళ్ళు చెప్పండి" అంది భార్య ఉత్సాహంగా.

డాక్టరు పరుగున వచ్చేసరికే ప్లీడరు ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాడు. నాలుక మొద్దుబారింది గానీ కోపం మొద్దుబారలేదు.

"అమ్మా, వాదు రోద్దు మనిషి కాదు! పవ్వ దాక్తరు!"

"ఏమిటండీ? పువ్వుల డాక్టరా?"

"పవ్వు! పవ్వు! నా పన్ను పీకాల్సినవాదు రోద్దు ఊదుస్తున్నాదు!"

భార్యకు ఇంకా అర్థం కాలేదు. డాక్టరు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఫోను లాక్కోబోయేలోగా, నర్సు సాయం చేద్దామని అందుకుంది.

"పళ్ళ డాక్టరండీ, మేడమ్! మా డాక్టరుగారే! స్వయంగా ఊడ్చారట!"

రేడియోలో ఉన్నట్టుండి పాట వేశారు.

సాయంత్రం డాక్టరు బండిని తోసుకుంటూ ఇల్లు చేరాడు. బావమరిది కొత్త హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. భార్య తాళాలకోసం చెయ్యి చాపింది.

"ఇసుక ఊడ్చేదాకా అన్నావు" అన్నాడు డాక్టరు నీళ్ళు నములుతూ. "ఎవరు ఊడవాలో చెప్పలేదుగా."

"ఊడ్చాక బండి తియ్యమన్నాను. మీరు తీసి ఊడ్చారు." ఆవిడ చాపిన చెయ్యి దించలేదు. "పొద్దున ఆ మలుపు పేరు చదవాల్సి వచ్చేసరికి కాగితం రెండుసార్లు చదువుకున్నానండీ. మళ్ళీ ఎవరో పడ్డారనుకున్నాను."

డాక్టరు తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. బావమరిది లేచి నిలబడ్డాడు.

ఆవిడ తాళాలు కాసేపు అటూ ఇటూ తిప్పి, మొగుడికే తిరిగి ఇచ్చింది.

"నత్త కంటే నెమ్మదిగా వచ్చాడని ఊరంతా ఫోను చేసి చెప్పారు. అలా నడిపితే నాకు భయం లేదు. రేపట్నుంచి తీసుకెళ్ళండి."

బావమరిది హెల్మెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. డాక్టరుకు ఆ రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు.

మర్నాడు దర్జాగా, అద్దం పైకెత్తుకుని బయల్దేరాడు. మొదటి మలుపులో ఇద్దరు ముసలాళ్ళు చీపురు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. రెండో మలుపులో చీపురుతోపాటు చేట కూడా ఉంది. మూడో మలుపులో ఒకాయన, ఇసుక అయ్యాక మురిక్కాలువ కూడా ఒకసారి చూడమన్నాడు. ఆస్పత్రి చేరేసరికి పేషెంట్లు భోజనాలకు వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండానే డాక్టరు బస్సెక్కి, మలుపులన్నీ దాటేదాకా పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు బండికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు.