ఖలీల్ కంప్యూటర్ ఆకలి

ప్రత్తిపాడులో ఖలీల్‌కి వీడియో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు క్యాసెట్లు వదిలి సీడీల్లోకి ఎక్కుతున్న రోజులవి. ఆ పొద్దున అతను అనుకున్న పని చిన్నదే. నగ్మా పెళ్ళి వీడియో మిక్సింగ్ ముగించి, సాయంత్రానికి సీడీ తీసుకెళ్ళి వాళ్ళ నానమ్మ జోహరాబీకి చూపించాలి. గుంటూరులో పెళ్ళి జరిగిన రోజున ఆవిడ కాలు విరిగి మంచంలో ఉంది. గోరుముద్దలు పెట్టి పెంచిన మనవరాలి పెళ్ళి చూసుకోలేకపోయింది. కొత్త దంపతులు మర్నాడు పొద్దున్నే ఒంగోలు వెళ్ళిపోతున్నారు. వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పెళ్ళి చూడాలని ఆవిడ ఆశ. "నీదే భారం నాయనా" అని ఖలీల్ చెయ్యి పట్టుకుని మరీ అడిగింది.

కంప్యూటర్ పని చేస్తూనే ఉంది, కాకపోతే నత్తనడక. పెళ్ళికూతురు గులాబీపువ్వులోంచి బయటికొచ్చే చోట మరీ నీలుగుతోంది. అయినా దాని మానాన దాన్ని పోనిస్తే సాయంత్రానికి పనైపోయేదే. ఈలోగా పక్కకొట్టు వీరాంజనేయులు టీ తాగడానికి వచ్చాడు.

అతనిది పురుగుమందుల కొట్టు. పత్తికి పురుగు పట్టిందని ఎవరొచ్చి ఒక మందు అడిగినా, మూడు కలిపి కొట్టమనడం అతని వైద్యం. లోకంలో ఏ జబ్బుకైనా ఇదే వైద్యమని అతని నమ్మకం. మనసు మాత్రం వెన్న. పక్కవాడి కష్టం చూసి ఊరుకోలేడు, అదే వచ్చిన చిక్కు.

"ఒరేయ్ ఖలీలూ, దీనికి మెమరీ చాలట్లేదురా. లోపల ర్యామ్ ముక్క ఒక్కటేగా ఉంది. నా కొట్లో కంప్యూటర్‌ది పీక్కొస్తా, అది కూడా గుచ్చు!"

గుచ్చారు. నిజంగానే కాస్త వేగం పెరిగింది. అక్కడితో ఆగితే బాగుండేది.

"చూశావా! ఒకటి కలిపితేనే ఇంత లేచిందే, ఆ మూడో గాడి కూడా నింపితే?" అన్నాడు వీరాంజనేయులు.

నాలుగు కొట్ల అవతల జయకుమారి డీటీపీ సెంటర్. ఇప్పుడే ఇచ్చేస్తామని చెప్పి ఆమె కంప్యూటర్‌లోంచి కూడా ఒకటి తెచ్చి గుచ్చారు. ఈసారి మిషన్ మొదలవలేదు. మొదలవడానికి సరిపడా మెమరీ లేదని నల్లటి తెర మీద ఇంగ్లీషులో రాసి ఊరుకుంది.

"లేదంటదేంట్రా? ఇప్పుడేగా పెట్టాం!"

"పోనీ తీసేద్దామా?" అన్నాడు ఖలీల్.

"ఆకలో అంటున్నవాడి ముందు కంచం లాగేస్తామా? ఈ చిన్నవి దానికి ఆనట్లేదు. పెద్దవి కావాలి."

పెద్దవి సిలార్ ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నాయి. సిలార్ మొహమాటస్తుడు. కాదనలేక రెండు కంప్యూటర్లు విప్పి ఇచ్చాడు. ఖలీల్, వీరాంజనేయులు ఎవరి ముక్క వాళ్ళు ఊడదీసి జేబుల్లో వేసుకుని, ఆ గాళ్ళలో పెద్దవి పెట్టారు. మిషన్ మళ్ళీ అదే మాట అంది.

మధ్యాహ్నం దాటేసరికి మిగతా కొట్లలోనూ పని ఆగిపోయి, అందరూ ఖలీల్ స్టూడియోలోనే తేలారు. బడి పరీక్షపేపర్లు టైపు చెయ్యలేక జయకుమారి వచ్చి కూర్చుంది. సెంటర్ మూసుకుని సిలార్ వచ్చాడు. పత్తికి మందు కోసం వీరాంజనేయుల్ని వెతుక్కుంటూ ఆదెయ్య అనే రైతు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు ఫోన్ మోగింది. నగ్మా.

"ఖలీలన్నా, బయల్దేరావా? నానమ్మ కొత్తచీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. మధ్యాహ్నం కునుకు కూడా తియ్యలేదు."

"వస్తన్నానమ్మా" అని ఖలీల్ ఫోన్ పెట్టేసి తల పట్టుకున్నాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

జయకుమారి ఇక ఆగలేకపోయింది. "అన్నయ్యా, నాది నాకిచ్చెయ్యండి. హెడ్మాస్టరు గారు నన్ను బతకనివ్వరు."

ఆమెను చూసి సిలార్‌కీ ధైర్యం వచ్చింది. "నావి కూడా ఖలీల్ భాయ్."

గుంటూరు నుంచి ఇంకా పెద్దవి తెప్పిద్దామని వీరాంజనేయులు అంటుండగానే ఇద్దరూ తమ ముక్కలు తీసుకుని వెళ్ళిపోయారు. ఖలీల్ జేబులోంచి తన పాత ముక్క తీసి, ఏ ఆశా లేకుండానే మొదటి గాట్లో గుచ్చి స్విచ్ వేశాడు. కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది.

గుంటూరు మెకానిక్ హయాత్‌కి ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. "మీ దాంట్లో పాత సాఫ్ట్‌వేరండీ. మెమరీ కొంతవరకే తట్టుకుంటది. అంతకుమించి పెడితే లెక్క తప్పి, అసలు చాలట్లేదంటది."

"అంటే పొట్ట పగిలేలా తిని ఆకలంటదా!" అన్నాడు వీరాంజనేయులు నీరసంగా.

గులాబీలకి ఇక టైము లేదు. ఖలీల్ హంగులన్నీ తీసేసి, పెళ్ళిని ఉన్నదున్నట్టు సీడీకెక్కించి పట్టుకెళ్ళాడు. జోహరాబీ ఇంట్లో తప్పు చేసినవాడిలా గోడవార నిలబడ్డాడు. తెర మీద నగ్మా, నవ్వు ఆపుకుంటూ, తెర నిండా కనిపించింది. జోహరాబీ పక్కనున్న నగ్మా చెయ్యి పట్టుకుని, సీడీ అయిపోయేదాకా వదల్లేదు.

"పెద్ద మనవరాలి పెళ్ళికి నువ్వు తీసిన క్యాసెట్లో, పిల్ల మొహం చూద్దామనుకునేలోపు ఏదో ఒక పువ్వు అడ్డమొచ్చేది. ఇప్పుడు కరువుతీరా చూసుకున్నా నాయనా" అని కళ్ళు తుడుచుకుంది. ఖలీల్‌కి కూడా కన్నీళ్ళాగలేదు.

మర్నాడు వీరాంజనేయులు కొట్టు తెరిచేసరికి ఆదెయ్య సిద్ధంగా ఉన్నాడు. "ఆ మూడు మందులూ ఇటియ్యి, పురుగు చేను మొత్తం తినేసేట్టుంది."

వీరాంజనేయులు ఒక్క డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక్కటి చాలు ఆదెయ్యా. ఎక్కువైతే అసలుకే మోసం. నిన్న కళ్ళారా చూశా."

ఆదెయ్య అతన్ని జాలిగా చూశాడు. "నిన్నంతా ఆ మిషన్ దగ్గర కూర్చుని నీకు మతిపోయినట్టుందయ్యా" అని, రోడ్డు దాటి ఎదురుకొట్లో నాలుగు మందులు కొనుక్కున్నాడు.