వద్దన్న రేటింగులు

గురువారం పొద్దున మహీధర్ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం ఐదింటిదాకా ఏ గొడవా రాకుండా చూసుకోవడం. కెనడాలోని బర్నబీలో అతను పనిచేసే కంపెనీ ఏ పనికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చెప్పే వెబ్‌సైటు నడుపుతుంది. వాడినవాళ్లు ఇచ్చే రేటింగులను బట్టి ప్రతి గురువారం ఐదింటికి ర్యాంకులు ఖాయమవుతాయి. వాడకుండానే ఇచ్చే దొంగ రేటింగులు పట్టుకోవడం మహీధర్ ఉద్యోగం. అవి దొరికిన యాప్‌ను ఏడాదిపాటు సైటులోంచి తీసేయాలన్న నిబంధన రాసిందీ అతనే.

ఆ సైటులోనే అతని భార్య ధాత్రి రెండేళ్లు కష్టపడి తయారుచేసిన యాప్ ఉంది. నలుగురూ కలిసి భోజనాలు పెట్టుకుంటే ఎవరు ఏ వంటకం తేవాలో అది పంచిపెడుతుంది. ముక్కూ మొహం తెలియని పదకొండు మంది మెచ్చుకోగా తొమ్మిదో స్థానానికి చేరింది. మొదటి పేజీలో పది యాప్‌లకే చోటు. ధాత్రి ఆ పేజీని రోజుకు నాలుగుసార్లు తెరిచి మురిసిపోయేది.

మహీధర్‌కు ముందు జాగ్రత్త ఎక్కువ. ఆఫీసుకు వెళ్లే స్కైట్రైన్‌లో కూర్చుని తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. "ధాత్రి యాప్ మా సైట్‌లో ఉంది. నేను అక్కడే వర్క్ చేస్తున్నాను కాబట్టి దయచేసి ఎవరూ రేటింగ్ ఇవ్వొద్దు." అప్పటిదాకా ఆ యాప్ సంగతి గ్రూపులో ఒక్కరికీ తెలియదు.

పదింటికల్లా నలభై మంది ఐదేసి నక్షత్రాలు ఇచ్చేశారు. "ధాత్రి చాలా సంస్కారం గల అమ్మాయి" అని ఒకరు సాఫ్ట్‌వేర్ గురించి రాశారు. గ్రూపుకు పెద్దదిక్కు, గురువారం గురువారం పెద్దవాళ్ల భోజనాలు నడిపించే విశ్వనాథం గారికి మహీధర్ ఫోన్ చేశాడు.

"అంకుల్, వద్దని చెప్పాను కదండీ!"

"నువ్వు అట్లాగే అంటావులేవయ్యా. మొన్న మా ఇంట్లో మూడో గారె కూడా వద్దన్నావు. తిన్నావా, లేదా?"

"అది మొహమాటం అంకుల్. ఇది రూల్!"

"మొహమాటపడేవాళ్లంతా ఇట్లాగే అంటారు. నువ్వు ఊరుకో, మేం చూసుకుంటాం."

మహీధర్ ఇంకో మెసేజ్ పెట్టాడు. "ఇచ్చినవి తీసేయండి, ప్లీజ్. నా ఉద్యోగం పోయేలా ఉంది." పాపం, ఉద్యోగం ఈ నక్షత్రాల మీదే ఆధారపడిందట అని గ్రూపంతా కరిగిపోయింది. హైదరాబాద్‌లోని వియ్యంకులను కూడా నిద్రలేపి నక్షత్రాలు వేయించారు. మధ్యాహ్నానికి నూట ముప్పై. యాప్ మొదటి స్థానంలో కూర్చుంది.

ఇక దాచి లాభం లేదని మేనేజర్ సుప్రజ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పేశాడు.

"నేనే డిలీట్ చేసేస్తానండీ."

"మీ ఇంటి యాప్‌ని మీరు టచ్ చేయకూడదు మహీధర్ గారూ. సాయంత్రం ఐదింటిలోపు ఇచ్చినవాళ్లే తీసేస్తే సరి. లేకపోతే ఏడాది బ్యాన్. రూల్ మీదే కదా."

ధాత్రి రెండేళ్ల కష్టం తన ఒక్క మెసేజ్‌తో మట్టికొట్టుకుపోతోంది. అప్పుడు మహీధర్‌కు ఒక ఆలోచన వచ్చింది. వద్దంటే కొసరి కొసరి వడ్డించే జనం, కావాలని అడిగితే ఏం చేస్తారు? నాలుగింటికి మూడో మెసేజ్ పెట్టాడు. "ప్రతి ఇంటి నుంచి నాలుగు రేటింగులు తప్పనిసరి. స్క్రీన్‌షాట్ పంపాలి. పంపనివాళ్ల పేర్లు రేపు ఇక్కడ పెడతాను."

గ్రూపులో ఒక్కొక్కరే లేచారు. "అడుక్కోవడమే కాకుండా బెదిరింపులు కూడానా?" అన్నారు. "మేమేమన్నా బాకీ ఉన్నామా?" అన్నారు. నాలుగూ యాభైకి నూట ముప్పై రేటింగులూ మాయమయ్యాయి. పాత పదకొండు మిగిలాయి, తొమ్మిదో స్థానం మిగిలింది.

వెంటనే ధాత్రి ఫోన్. "ఏంటండీ ఆ మెసేజ్? నా పరువు తీశారు!"

"పరువు పోతే పోయింది, యాప్ మిగిలింది ధాత్రీ. ఇంటికొచ్చి చెప్తా."

ఫోన్ పెట్టేలోపే సుప్రజ వచ్చింది. "ఇప్పుడే ఇంకొకటి వచ్చింది, చూడండి."

రెండు నక్షత్రాలు. రాసింది విశ్వనాథం గారు. "పొద్దున మెసేజ్ చూసి ఇవాళ్టి లంచ్‌కు ఈ యాప్‌నే నమ్ముకున్నాం. ఎనిమిది మందికీ పెరుగన్నమే పంచింది. ఎనిమిది గిన్నెలూ తెచ్చాం. కావాలంటే ఫొటో చూడండి."

"నిజంగా వాడి రాశారు. ఇది ఉండాల్సిందే," అంది సుప్రజ.

ఐదింటికి ధాత్రి యాప్ పదకొండో స్థానానికి, అంటే రెండో పేజీకి దిగింది. ఆ రేటింగు తీయించే దారి ఏదైనా ఉంటుందేమోనని మహీధర్ నిబంధనలన్నీ రెండుసార్లు చదివాడు; ఎవరు రాశారో గానీ, ఎక్కడా సందు వదల్లేదు.