అబూ నాయెఫ్‌కు పిల్లనడగడం

శుక్రవారం పొద్దున్న ఇతిదాల్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కుర్రవాడు లబీబ్‌కు పిల్లనడగడానికి సాయంత్రం జాహా, అంటే పెద్దల బృందం, బయలుదేరుతుందని వంశం వాళ్ళందరి ఫోన్లకూ కబురు పంపాలి, ఇంటికెళ్ళి వంట చేసుకోవాలి. సాల్ట్ పట్నంలో ఆ వంశమంతా కలుసుకునే దివాన్ భవనంలో పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు పంపడమే ఆమె ఉద్యోగం. కంప్యూటర్ సంగతి మొన్నటిదాకా విసామ్ చూసేవాడు. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించి, అందరి దగ్గరా సెలవు తీసుకుని, అకబా రేవులో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయేవాళ్ళు ఏదో ఒకటి మరిచిపోకుండా ఉండరు.

పేరు రాయాల్సిన గడిలో లబీబ్ అని కొట్టి, రెండుసార్లు చదువుకుని, పంపింది.

టీ చల్లారకముందే దివాన్ అధ్యక్షుడు అబూ నాయెఫ్ తలుపు తోసుకుని వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. తలగుడ్డ పక్కకి జారింది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మాయీ, నాకు పెళ్ళేమిటి?"

ఫోన్ చూపించాడు. 'మన అబూ నాయెఫ్‌కు పిల్లనడగడానికి ఈ సాయంత్రం పెద్దలు బయలుదేరుతున్నారు. అందరూ రండి.' ఇతిదాల్ కంప్యూటర్ వైపు తిరిగింది. ఆమె తెర మీద మాత్రం లబీబ్ అనే ఉంది.

"పిన్ని చూసిందా, బాబాయ్?"

"చూసింది. ఒక్క మాట అన్లేదు. నలభై ఏళ్ళ కాపరంలో అది నోరు మూసుకోవడం ఇవాళే చూశాను. ముందు సవరించి పంపు తల్లీ."

ఇతిదాల్ సవరణ పంపింది. రెండు నిమిషాలకు ఆయన ఫోన్ మోగింది. 'పొద్దున పేరు తప్పు పడింది. అసలు పెళ్ళికొడుకు అబూ నాయెఫ్.'

వెంటనే భార్య ఉమ్ నాయెఫ్ ఫోన్ చేసింది. "మొదటిది పొరపాటనుకున్నా. రెండోసారి నొక్కి మరీ చెప్పించారుగా. మా అన్న ఇంటికి పోతున్నా. మన పొయ్యికి ఎడమవేపు అంటుకోదని కొత్తావిడకి చెప్పండి." ఫోన్లోంచి పెట్టె మూసిన చప్పుడు వినిపించింది.

ఇతిదాల్ విసామ్‌కు ఫోన్ చేస్తూనే ఉంది. రేవు పనిలో ఉన్న అతను ఎత్తేసరికి సాయంత్రం కావచ్చింది.

"అయ్యో అక్కా," అన్నాడతను. "పరీక్ష చేసేటప్పుడు ప్రతిసారీ పేరు కొట్టలేక, కంప్యూటర్ ఎన్విరాన్‌మెంట్ సెట్టింగుల్లో అబూ నాయెఫ్ పేరు పెట్టేశాను. అది ఉన్నంతసేపూ నువ్వేం కొట్టినా ప్రోగ్రామ్ దాని మాటే వింటుంది."

చెప్పిన చోటికి వెళ్ళి ఆ సెట్టింగు చెరిపేసి, మూడో కబురు పంపింది. మూడోదీ అబూ నాయెఫ్‌కే పెళ్ళి చేసింది.

"ప్రోగ్రామ్ మూసి తెరిచావా అక్కా? లేచినప్పుడు విన్న మాటే పడుకునేదాకా పట్టుకుని ఉంటుందది."

మూసి తెరిచాక నాలుగోది లబీబ్ పేరుతో సరిగ్గానే వెళ్ళింది. అప్పటికి ఫోన్లు చూసేవాళ్ళెవరూ లేరు. ఇస్త్రీ అంగీల్లో పెద్దలంతా దివాన్ ముందు కార్లు దిగి, నోళ్ళు తెరుచుకుని అబూ నాయెఫ్‌ను చూస్తున్నారు.

"మూడు పిలుపులా హాజీ? నీ మొదటి పెళ్ళికి ఒక్కటే పిలిచావు," అన్నాడు జాహాకు పెద్ద అయిన అబూ మజ్యద్.

అబూ నాయెఫ్ బల్ల మీద కూలబడ్డాడు. "అది వెళ్ళిపోయిందిరా. వాళ్ళన్న నన్ను గుమ్మం ఎక్కనివ్వడు."

ఇతిదాల్‌కు ఉద్యోగం ఊడుతుందన్న భయం ఎప్పుడో పోయింది. చెవుల్లో ఆ పెట్టె చప్పుడే ఉంది. "ఒక్కరు వెళితే గుమ్మం ఎక్కనివ్వరు గానీ, జాహాని ఎవరు ఆపుతారు? వెళ్ళి పిన్నినే అడగండి, బాబాయ్," అంది.

ఉమ్ నాయెఫ్ అన్నగారి ఇంట్లో కాఫీ పోశారు. అబూ మజ్యద్ కప్పు ముట్టలేదు. మాట దక్కందే జాహా కాఫీ తాగదు. "మా అబూ నాయెఫ్‌కు మీ చెల్లెల్ని ఇమ్మని వచ్చాం," అన్నాడు. పెళ్ళికొడుకు తల వంచుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. వెనక లబీబ్ కొత్త సూటులో, తన వంతు ఎప్పుడొస్తుందా అని గడియారం చూసుకుంటున్నాడు. లోపల, ఇతిదాల్ జరిగిందంతా చెబుతుంటే ఉమ్ నాయెఫ్ కిటికీ తెర తొలగించి వీధి చూసింది. వీధి చివరిదాకా కార్లే.

"అప్పట్లో నన్నడగడానికి వచ్చినవాళ్ళు ఒక్క కారులో సరిపోయారు," అంది. తెర వదిలేసి, "తాగమనండి," అంది.

మర్నాడు దివాన్ తెరవగానే వంశంలోని ముగ్గురు పెద్దావిడలు వచ్చి, ఆ సెట్టింగులో తమ భర్తల పేర్లు ఎక్కించడం కష్టమా అని ఇతిదాల్‌ను అడిగారు.